పద్దెనిమిది అంగుళాల పార్లమెంటు

మా ముత్తాత కామాటీ కాంట్రాక్టరు. బొంబాయికి వలస వచ్చిన తెలుగు కూలీలను కామాటీలనేవారు. బొంబాయిలో ఇప్పటికీ జనం తలెత్తి చూసే రాతి భవనాల్లో కొన్నింటికి రాయి మోయించింది ఆయనే. పాలమూరు నుంచి కాలినడకన వచ్చినవాళ్లు వందల మంది ఆయన మాట మీద పొద్దున పనిలోకి ఎక్కేవాళ్లు, ఆయన మాట మీద సాయంత్రం దిగేవాళ్లు. మా తాత కామాటిపుర పంచాయితీలో మొదటి స్థానంలో కూర్చునేవాడు. ఆయన గొంతు సవరించుకుంటే కుళాయి దగ్గర కొట్లాట ఆగేదని పెద్దవాళ్లు చెప్పేవారు. మా నాన్న కాలం వచ్చేసరికి ఆస్తి కోర్టుల పాలైంది. మర్యాద మాత్రం ఇంట్లోనే ఉంది. ఆ మర్యాదను మోసుకుంటూ నేను గ్రాంట్ రోడ్ స్టేషన్ వెనక ఒక ఫర్నిచర్ కార్ఖానాలో మేస్త్రీగా ముప్పై ఏళ్లు పనిచేశాను.

కామాటిపుర పేరు వినగానే ఎర్రదీపాల వీధులు గుర్తొచ్చి కొందరు అదోలా నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ పేటకు ఆ పేరు మా కామాటీల వల్ల వచ్చింది. ఈ ఒక్క మాట ముందు చెప్పుకోకపోతే నాకు కలం సాగదు.

పనిలో కొత్తగా చేరే పిల్లలకు చెప్పదగ్గ గొప్పలు నా దగ్గర చాలానే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి నా తప్పు ఒకటి చెబుతాను. ఆ తప్పు వల్ల పసిఫిక్ మహాసముద్రంలో ఒక దేశపు పార్లమెంటు నిలబడే సభ జరుపుకోవలసి వచ్చేది. ఆ వారం గుర్తొస్తే ఈ వయసులో కూడా కూర్చున్న చోట కుదురుగా కూర్చోలేను.

ఎనభైల నడుమ సంగతి. ఒక ఎగుమతి ఏజెంటు మా సేఠ్ దగ్గరికి గొట్టంలో చుట్టిన నక్షా ఒకటి తెచ్చాడు. ఎక్కడో సముద్రం నడుమ చిన్న దీవుల దేశం. కొత్తగా సభా భవనం కట్టుకున్నారు. సభ్యులు పన్నెండు మంది. గది పక్కన గదిగా కాపురాలుండే మా చాల్‌లో ఒక్క అంతస్తులో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. ఆ పన్నెండు మందికి ఎదురెదురుగా రెండు వరుసలు, వరుసకు ఆరు సీట్లు, ఆరూ ఒకదానికొకటి అతికి ఉండే పొడుగాటి బెంచీ. ఒక వైపు ప్రభుత్వం, ఎదుటి వైపు ప్రతిపక్షం. కలప మేలైన బర్మా టేకు.

నక్షాలో ఒక్కో సీటు వెడల్పు ఇరవై నాలుగు అంగుళాలని ఉంది. నేను నవ్వాను. ఆఫీసులకూ బ్యాంకులకూ ఎన్ని వందల కుర్చీలు చేసి పంపాం! ఏ కుర్చీ అయినా పద్దెనిమిది అంగుళాలు. ఇరవై నాలుగంటే నక్షా గీసినవాడు నిద్రలో గీశాడని తేల్చేశాను.

మా వాళ్లకు కాగితం మీది కొలత కన్నా మనిషి ఒంటి కొలత మీద నమ్మకం ఎక్కువ. జాన, మూర, నిలువు, ఇవే మా తాతల టేపులు. మా కార్ఖానాలో కుర్చీకి కొలత మనిషి ఒక ముసలి వడ్రంగి. అందరం కాకా అనేవాళ్లం. కొత్త కుర్చీ ఏది చేసినా ముందు కాకా కూర్చోవాలి, కాకా సరే అంటేనే మిగతావి కోసేవాళ్లం. ఆ రోజు సుద్దముక్కతో నేల మీద ఇరవై నాలుగు అంగుళాలు గీసి కాకాను కూర్చోమన్నాను. కాకా మధ్యలో కూర్చుని అటూ ఇటూ తడిమి చూశాడు.

“గింత జాగల నేను, నా కోడలు, మనుమడు ముగ్గురం కూసుంటం మేస్త్రీ. గిది ఖుర్చీయా, ఖోలీయా?”

కుర్చీని ఖోలీ, అంటే గది చేసేసరికి అందరూ నవ్వారు. నేను ఎర్ర పెన్సిల్ తీసి ఇరవై నాలుగు కొట్టేసి పద్దెనిమిది వేశాను. కింద సంతకం చేశాను. వరుస మొత్తం పొడుగు నక్షాతో సరిపోవాలి కాబట్టి సీటుకూ సీటుకూ నడుమ కాగితాలు పెట్టుకునే చిన్న పెట్టె బల్లలు అమర్చాను. అది నా సొంత తెలివి. అడ్డ పలకలు సన్నవి సరిపోవడంతో మంచి టేకు మిగిలింది. సేఠ్‌కు ఆ మాట చెబితే భుజం తట్టాడు. మిగిలిన టేకును ఆ వారంలోనే ఇంకో గిరాకీకి ఇచ్చేశాడు. ఎవరినీ అడగలేదు నేను. ఏజెంటుకు ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. మా వంశంలో కొలత గురించి ఒకరిని అడిగే అలవాటు లేదు.

మూడు నెలల తర్వాత, ఓడ ఎక్కించడానికి ఎనిమిది రోజుల ముందు, సామాను చూసుకోవడానికి ఆ దేశం నుంచి ఇద్దరు సభ్యులు వచ్చారు.

టాక్సీ ఆగింది. ముందు ఒక కాలు బయటికొచ్చింది. ఆ కాలు చూడగానే నాకు నక్షాలోని ఇరవై నాలుగు గుర్తొచ్చింది. మా కార్ఖానా వాసానికి అంత లావు ఉండేది కాదు. ఆ కాలు వెనక మిగతా మనిషి దిగేసరికి టాక్సీ ఒక జాన పైకి లేచింది. ఆయన ప్రభుత్వ పక్షం. రెండో తలుపులోంచి దిగినాయన ప్రతిపక్షం. వయసులో పెద్దవాడు, బక్కపలచని మనిషని వాళ్ల దేశంలో పేరట. ఆ బక్కపలచని మనిషిలో మా కాకాలు ఇద్దరు పడతారు.

“అరె బాప్రె!” అన్నాడు కాకా నా వెనక నుంచి. “మేస్త్రీ, గీళ్లేనా కూసునేది?”

ఇద్దరూ సరదా మనుషులు. వరసకు అన్నదమ్ముల బిడ్డలమని పరిచయం చేసుకున్నారు. ఇద్దరినీ కలిపి ఎందుకు పంపారని సేఠ్ అడిగితే పెద్దాయన తన లాల్చీ లాంటి పూల చొక్కా జేబులోంచి ఒక పాస్‌పోర్టు తీసి చూపించాడు. అది ఆయనది కాదు, లావాటి మనిషిది. లావాటి మనిషి జేబులో పెద్దాయనది ఉంది.

“మా సభలో ప్రభుత్వానికి ఏడుగురు, మాకు ఐదుగురు,” అన్నాడు పెద్దాయన. “అటు ఒకడు ఊరు దాటితే ఇటు ఒకడు దాటాలి. జతగా పోవాలి, జతగా రావాలి. వీడు నాకన్నా ముందు ఇంటికి పారిపోయి ఓటు వేయకుండా వీడి పాస్‌పోర్టు నా దగ్గర.”

“మరి వీడిది నా దగ్గర ఎందుకున్నట్టు?” అన్నాడు లావాటి ఆయన. “వీడు నాకన్నా పెద్ద దొంగ గనుక.”

నాకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లిషుతో అర్థం చేసుకుని మా వాళ్లకు చెప్పాను. కార్ఖానా అంతా నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల్లో నేను చేరలేకపోయాను. నా కళ్లు పాలిష్ పట్టించి మిలమిలా మెరుస్తున్న ఆ రెండు వరుసల మీదే ఉన్నాయి.

లావాటి ఆయన వరుస చుట్టూ తిరిగాడు. పెట్టె బల్లల మీద చెయ్యి వేసి మెచ్చుకున్నాడు. “బల్లలు చాలా బాగున్నాయి. మరి మేం కూర్చునేది ఎక్కడ?” అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. నేను సీటు చూపించాను. ఆయన నా వైపు ఒకసారి, సీటు వైపు ఒకసారి చూసి, పక్కకు తిరిగి, ఊపిరి బిగపట్టి దిగాడు. దిగనైతే దిగాడు. లేవలేకపోయాడు.

చేతుల పలకలు రెండూ ఆయన నడుమును పట్టేశాయి. ఆయన లేస్తే ఆయనతో పాటు ఆరు సీట్ల వరుస మొత్తం లేచింది, మా వాళ్లు నలుగురు ఎత్తితే గాని కదలని వరుస! మళ్లీ కూలబడ్డాడు. నేల అదిరింది. పెద్దాయన కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, “ఇది మంచి ఉపాయం, ఇక మీ పక్షం సభ్యులు ఎవరూ ఎక్కడికీ పోలేరు,” అన్నాడు. మా వాళ్లు ఇద్దరు చేతులు పట్టుకుని లాగారు, కాకా వెనక నుంచి సబ్బునీళ్లు పోశాడు. పాలిష్ అంతా గీరుకుపోయి మనిషి బయటికి వచ్చాడు.

సేఠ్ నక్షా తెప్పించి బల్ల మీద పరిచాడు. ఎర్ర పెన్సిల్ గీత అందరికీ కనపడుతోంది. సేఠ్‌కు చూపు తక్కువ, సంతకం చదవలేకపోయాడు.

“ఎవరు కోశారు పద్దెనిమిది?” హిందీలో అరిచాడు.

అప్పుడు కాకా ముందుకొచ్చాడు. “నా నడుము కొలత సేఠ్. నేనే కూసున్న, నేనే బరాబరున్నదన్న.”

పిల్లలూ, ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ క్షణం నేను నోరు తెరవలేదు. ఆ క్షణం తర్వాత ఇంకో క్షణం కూడా తెరవలేదు. మా ముత్తాత మనవడి కొడుకు తప్పు చేశాడని పదిమందిలో తేలడం కన్నా ఒక ముసలివాడి పని పోవడం తేలికనిపించింది. అలా అనిపించిందన్న సంగతి నేను ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. కాకా నా వైపు చూడలేదు. చూసి ఉంటే బహుశా నేను ఇంకా మొండికేసేవాణ్ని.

“పెన్సిల్ నాది సేఠ్,” అన్నాను చివరికి. “కాకాను కూర్చోబెట్టింది నేను. కొట్టేసింది నేను. సంతకం నాది.”

సేఠ్ కళ్లద్దాలు తీశాడు. “ఎనిమిది రోజులుంది. వీళ్లిద్దరి సంతకాలు పడాలి, పెట్టెలు ఓడ ఎక్కాలి. ఎక్కకపోతే తొమ్మిదో రోజు నువ్వు రానక్కర్లేదు. నీతోపాటు ఈ ముసలాయన కూడా.”

నా పని పోతుందంటే తల వంచేవాణ్ని కాదు. కాకా పేరు కూడా కలిపేసరికి తలెత్తి సభ్యుల వైపు తిరిగాను.

బల్లలు తీసేసి సీట్లు వెడల్పు చేస్తామని సభ్యులకు చెప్పాను. అక్కడే రెండో తుఫాను లేచింది. చేసేది ఎలాగూ మళ్లీ చేస్తున్నారు గనుక ఒక వైపు ఏడు, ఒక వైపు ఐదు సీట్లు చేయమన్నాడు లావాటి ఆయన. ప్రధానమంత్రి తనకు ఆ పని అప్పజెప్పే పంపాడట. ఆరుసీట్ల వరుసలో వాళ్ల ఏడోవాడు ఎక్కడ కూర్చోవాలి? ప్రతిపక్షం పక్కనా?

“ఆరూ ఆరే ఉండాలి,” అన్నాడు పెద్దాయన. “ఓడ అక్కడికి చేరేలోపు మీ వాడొకడు మా పక్కకు వస్తాడు.”

“ఎవడు?”

“పేరు చెబితే రాడు కదా!”

ఇద్దరూ గొంతులు పెంచారు. మా వాళ్లు రంపాలు ఆపేశారు. భాష తెలియకపోయినా తగువు రుచి తెలుసు. నేను ఒక్కో మాటా తెలుగులో చెబుతుంటే కార్ఖానా రెండుగా చీలింది. రందాతో చెక్క నున్నన చేసేవాళ్లంతా ప్రభుత్వం, పాలిష్‌వాళ్లంతా ప్రతిపక్షం. “ఏడు జెయ్యి మేస్త్రీ, గెలిచినోళ్లు గెలిచినట్టుండాలె!” అని ఒకరు. “ఇయ్యాల గెలుస్తరు, రేపు? అప్పుడు రంపం దీస్కొని సముద్రం దాటి పోతవా?” అని ఇంకొకరు.

కాకా ఒక్కడే బీడీ వెలిగించుకుని నవ్వుతున్నాడు.

“మన పంచాయితీల గిసొంటి లొల్లి ఎన్నడన్న ఉండెనా మేస్త్రీ? ఎవ్వని పీట వాడే ఇంటికాడికెల్లి తెచ్చుకుంటుండె. మాట మారిందనుకో, పీట సంకల వెట్టుకొని అవుతలి దిక్కు పోయి కూసుంటుండె. ఎవ్వడేమన్నడు?”

మా తాత అధ్యక్షత వహించిన ఆ పంచాయితీలో నేను చిన్నతనంలో గోడకానుకుని ఎన్నిసార్లు చూశాను ఆ దృశ్యం! మాట తిరిగినవాడు చెప్పాల్సిన పని లేదు. పీట లేచిందంటే అందరికీ తెలిసేది. ఆ పీట నేల మీద ఆనిన చప్పుడుకే తీర్పు సగం అయిపోయేది.

“వరుసలే వద్దు!” అన్నాను సభ్యులతో. అరిచాననే చెప్పాలి. “పన్నెండు విడి కుర్చీలు చేస్తాను. ఇరవై నాలుగు అంగుళాలు. ఏడుగురుంటే ఏడు కుర్చీలు అటు వేసుకోండి. ఎనిమిదైతే ఎనిమిది. పక్షం మారినవాడు తన కుర్చీ తనే ఎత్తుకుని నడుస్తాడు.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత లావాటి ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకు కిటికీ అద్దాలు కదిలాయి. “ఎత్తగలిగేంత బరువే ఉండాలి,” అన్నాడు పెద్దాయన. “కానీ సులువుగా ఎత్తగలిగేంత తేలిక కాకూడదు. ఒకసారి ఆలోచించుకోవాలి మనిషి.”

ఉపాయం బాగానే ఉంది. కలప ఏది? విడి కుర్చీ అంటే ప్రతిదానికీ సొంతంగా నాలుగు కాళ్లు, రెండు చేతులు కావాలి. పాత వరుసలు విప్పితే సగం కూడా రాదు. మిగిలింది సేఠ్ ఇచ్చేశాడు. బజారులో దొరికే టేకు పచ్చిది. దాంతో చేస్తే సముద్రపు గాలికి నెలలో పగులుతుంది. ఏళ్ల తరబడి ఎండిన టేకు కావాలి, అది కూడా మర్నాటికి. పాత ఇళ్లు విప్పి కలప అమ్మే దుకాణాలన్నీ మధ్యాహ్నమంతా తిరిగాను. ఎక్కడా ఆ మందం దొరకలేదు.

సాయంత్రం ఇంటికెళ్లి చాప మీద కూర్చుని తలెత్తాను. నెత్తి మీదే ఉంది.

మా ముత్తాత కట్టించిన చాల్‌లో అప్పటికి మావి రెండు గదులు. ఆ రెండింటికీ పైన అడ్డంగా టేకు అటక. ఇప్పటివాళ్లు వేసే పలచటి అటక కాదది. రెండంగుళాల మందం పలకలు, కింద టేకు దూలాలు. మా తమ్ముడు, మరదలు, వాళ్ల పిల్లలిద్దరు ఆ అటక మీదే పడుకునేవాళ్లు. కింద నేను, నా భార్యాపిల్లలు, మా అమ్మ. అమ్మను మేం అవ్వా అని పిలిచేవాళ్లం.

“ముఖం గట్లెందుకు వెట్టినవ్ రా?” అంది అమ్మ.

“అవ్వా, అటక కావాలె.”

“అటక మీద ఏం గావాలె?”

“అటకనే కావాలె. పలకలు.”

జరిగిందంతా చెప్పాను. అమ్మ వత్తులు చేస్తున్న చేయి ఆపలేదు. అంతా విని అంది:

“సముద్రంల ఎవరో పన్నెండు మంది కూసోనీకె నీ తమ్ముడు పెండ్లాం పిల్లల్ని దీస్కొని యాడ పండుకోవాలె?”

ఇంకో వత్తి చేసి మళ్లీ అడిగింది.

“ఆ అంకె ఎవరు కొట్టేసిన్రు?”

“నేనే.”

“ఎవరన్న జెప్తె కొట్టేసినవా?”

“లేదవ్వా. నాకు నేనే.”

అమ్మ అప్పుడు చేయి ఆపింది. “మీ తాత పంచాయితీల తప్పొప్పుకున్నోనికి జుర్మానా సగం జేస్తుండె. పూరా మాఫ్ మాత్రం ఎన్నడు జెయ్యకపోతుండె.” ఒక్క నిమిషం అటక వైపు చూసి, “పీకు,” అంది.

తమ్ముడు అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్నాడు. సామాను దించుకుని, నిచ్చెన తెచ్చి గోడకు వేసి, “నువ్వెక్కే అన్నా. నేను కింద వట్టుకుంట,” అన్నాడు. వాడి చేతులతో అది విప్పడం వాడికి ఇష్టం లేదని నాకు తెలిసింది. నేనే ఎక్కాను.

మర్నాడు పొద్దున్నే ఆ పలకలు చేతిబండి మీద గ్రాంట్ రోడ్ దాకా వెళ్లాయి. సేఠ్ ఖరీదు కట్టిస్తానన్నాడు. నా తప్పు దిద్దడానికి నేను డబ్బు పుచ్చుకోనని చెప్పాను. కాకా ఒక పలకకు రందా పట్టి చూశాడు. మసి పొర కింద నుంచి టేకు తేనెరంగులో తేలింది. అంత వయసులో కూడా వాసన చావలేదు. కాకా పలకను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. “గీ కట్టెకు నేను పనికొస్తనా మేస్త్రీ?” అన్నాడు.

ఈసారి కొలత మనిషి మారాడు. లావాటి ఆయన రోజూ పొద్దున వచ్చి సుద్దగీతల మధ్య కూర్చునేవాడు. వచ్చినప్పుడల్లా మా వాళ్లతో చాయ్ తాగేవాడు. చాయ్ గ్లాసు ఆయన వేళ్ల మధ్య కనిపించేది కాదు. ఎన్నికలెలా జరుగుతాయని మా వాళ్లు అడిగితే చెప్పేవాడు. ఆయన దీవిలో ఓట్లు మొత్తం మా గల్లీ ఓట్లకన్నా తక్కువ. ప్రతి ఓటరు ఇంట్లోనూ ఆయన భోంచేసి తీరాలి, లేకపోతే వాళ్లకు కోపం. “పదహారేళ్లుగా ఎన్నికవుతున్నా,” అని పొట్ట తట్టుకునేవాడు. “మీ ఇరవై నాలుగు అంగుళాలు అక్కణ్నుంచే వచ్చాయి.”

మూడు రోజుల్లో ఏడు కుర్చీలు నిలబడ్డాయి. నాలుగో రోజుకు తొమ్మిది. ఇంకా నాలుగు రోజులుంది, హాయిగా చేసేయొచ్చు అనుకున్నాను. ఐదో రోజు పొద్దున తొమ్మిదింటికి టాక్సీ వచ్చి ఆగింది. ఇద్దరూ పరుగులాంటి నడకతో లోపలికొచ్చారు. పెద్దాయన చేతిలో టెలిగ్రాం.

“మా వాడొకడు అటు దూకాడు,” అన్నాడు లావాటి ఆయన. ఆయన ముఖంలో మొదటిసారి నవ్వు లేదు.

నేను వేళ్ల మీద లెక్క చూసుకున్నాను. ఏడులో ఈయన ఇక్కడ, ఒకడు దూకాడు, మిగిలింది ఐదు. ఐదులో పెద్దాయన ఇక్కడ, దూకినవాడు కలిశాడు, అక్కడా ఐదు. ఐదుకు ఐదు! ఒక దేశం మొత్తం తూకపు ముల్లు మధ్యలో ఆగి మా కార్ఖానాలో నిలబడ్డ ఈ ఇద్దరి కోసం చూస్తోంది. రేపో ఎల్లుండో అవిశ్వాస తీర్మానం. ఆ సాయంత్రం విమానం ఎక్కాలి, ఇద్దరూ ఒకే విమానం.

“ఐదింటికి వస్తాం,” అన్నాడు పెద్దాయన. “పన్నెండు కుర్చీలూ ఉంటే పన్నెండింటికీ సంతకం. పదకొండుంటే సంతకం లేదు. సగం సభకు మేం ఎలా సంతకం పెడతాం?”

మూడు కుర్చీలు, ఎనిమిది గంటలు! సరేసు పెట్టి అతికిస్తే బిగింపులో ఒక రాత్రి ఆరాలి. ఆ రాత్రి మా దగ్గర లేదు. కాకా గోడకు వేలాడుతున్న బిగింపులన్నీ పక్కకు తోసి, “సరేసు లేదు గిరేసు లేదు. కొయ్య చీలలు గొడదం. మా తండ్రి గట్లనే గొడుతుండె,” అన్నాడు. కీలుకు కీలు బిగువుగా తొలిచి, అడ్డంగా ఎండు టేకు చీల దిగ్గొట్టడం. రవ్వంత తప్పితే కాలు పగులుతుంది, మార్చడానికి ఇంకో కాలు లేదు.

సేఠ్ కూడా కోటు విప్పాడు. నేను ఆయన్ని చొక్కా చేతులు మడిచి చూసింది ఆ ఒక్కరోజే. అన్నం వేళకు ఎవరూ లేవలేదు. రెండింటికి పదో కుర్చీ నిలబడింది. నాలుగు కాకముందే పదకొండోది. పన్నెండోదాని చివరి చీల దగ్గర కాకా ఆగాడు. సుత్తి నాకిచ్చాడు. నేను కొట్టలేదు. “నువ్వే కొట్టు కాకా. కొలత తప్పింది నేను, నువ్వు కాదు,” అన్నాను. అందరిముందూ అన్నాను. కాకా సుత్తి తిరిగి తీసుకుని మూడు దెబ్బల్లో దించాడు.

టాక్సీ హారను మోగింది.

పన్నెండు కుర్చీలూ గోడ వెంట వరసగా పెట్టాం. పాలిష్ లేదు. ఒట్టి కట్టె. లావాటి ఆయన మొదటి కుర్చీ ముందు నిలబడి వెనక్కి చూడకుండా మొత్తం బరువు వదిలేశాడు. దబ్బున పడ్డాడు. కుర్చీ కదలలేదు. లేచాడు, కుర్చీ వెంట రాలేదు. మా వాళ్లు “ఏక్!” అన్నారు. రెండోది. “దోన్!” మరాఠీలో లెక్క పెరుగుతున్నకొద్దీ గొంతులు పెరిగాయి, వీధిలో పోయేవాళ్లు కిటికీల దగ్గర మూగారు. “దహా!” పదకొండో కుర్చీలో ఆయన కూలబడగానే కర్రుమని చప్పుడైంది.

కాకా నేల మీద బోర్లా పడుకుని కుర్చీ కిందికి దూరాడు. కాళ్లు తడిమాడు, చీలలు తడిమాడు. లావాటి ఆయన కదలకుండా కూర్చుని, చాలా గంభీరంగా, “అది కుర్చీ కాదు. నా మోకాలు,” అన్నాడు. నేను తెలుగులో చెప్పేలోపే ఆయన మోకాలు మళ్లీ కర్రుమంది. “అక్రా!” అని అరిచారు మా వాళ్లు. ఆయన పన్నెండోదాంట్లో కూర్చుని లేచాక వచ్చిన “బారా!” గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో రైలుకు వినపడి ఉండాలి.

పెద్దాయన చేయి పైకెత్తాడు. “ఇంకో పరీక్ష ఉంది.” కుర్చీ ఎత్తుకుని నడవగలగాలి కదా! లావాటి ఆయన పన్నెండో కుర్చీని చంకలో ఇరికించుకున్నాడు. పెద్దాయన కార్ఖానా నడుమ సుద్దగీత గీసి అవతల ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లావాటి ఆయన గీత దాటి ఆ కుర్చీ పక్కన దించాడు. పాలిష్‌వాళ్లు, అదే మా ప్రతిపక్షం, టోపీలు ఎగరేశారు. రందావాళ్లు “గద్దార్!” అని అరిచారు. ఆయన కుర్చీని గబుక్కున మళ్లీ ఎత్తుకుని తిరిగొచ్చి, “ఇది పరీక్ష మాత్రమే. మా ప్రధానమంత్రికి చెప్పకండి,” అన్నాడు.

ఇద్దరూ సంతకాలు పెట్టారు. పాస్‌పోర్టులు ఇంకా ఒకరివి ఒకరి జేబులోనే ఉన్నాయి. టాక్సీ మలుపు తిరిగేదాకా లావాటి ఆయన చేయి కిటికీలోంచి ఊగుతూనే ఉంది. మిగిలిన రోజుల్లో పాలిష్ పట్టించి, గడ్డి చుట్టి, పెట్టెల్లో పెట్టి ఓడ ఎక్కించాం. తొమ్మిదో రోజు నేనూ కాకా మామూలు వేళకే పనిలోకి వచ్చాం. సేఠ్ గోడ మీద ఒక కాగితం అంటించాడు, నక్షా మీద అంకె మార్చాలంటే తనను అడగాలని. కాగితం నా పని బల్లకు ఎదురుగా అంటించాడు. పదేళ్లు దాన్ని చూస్తూ పనిచేశాను. కూర్చునేవాడి కొలత కూర్చునేవాడి దగ్గరే తీసుకోవాలని నేర్చుకోవడానికి నాకు ఆ కాగితం అక్కర్లేదు. అయినా చింపలేదు.

ఏడు నెలలకు పెద్దాయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కాకా, మా వాళ్లు చుట్టూ చేరితే చదివి చెప్పాను. వాళ్లు వెళ్లాక అవిశ్వాస తీర్మానానికి ఆరుకు ఆరు ఓట్లు పడ్డాయి. తీర్మానం వీగింది, ప్రభుత్వం మాత్రం ఊగుతూనే ఉండింది. తర్వాత మా కుర్చీలు చేరాయి. చేరిన రెండో వారంలో, సభ మధ్యలో, ఒక సభ్యుడు లేచి కుర్చీ చంకన పెట్టుకుని గీత దాటాడు.

“లావాయనే! నేనప్పుడే అన్న!” అన్నాడొకడు.

కాదు. ఉత్తరంలో ఇలా ఉంది: “ఆ కుర్చీ మోసింది నేనే. ప్రతిపక్షంలో నాకు వయసైపోతోంది. ఇప్పుడు చేపల శాఖ మంత్రిని. నేను కోరినట్టే బరువు సరిగ్గా ఉంది. సగం దారిలో ఆగి ఒకసారి ఆలోచించుకున్నాను. తర్వాత ముందుకే నడిచాను. నా తర్వాత ఆ వారంలో మరో ఇద్దరు అటూ ఇటూ నడవడంతో సభాపతికి విసుగొచ్చి కుర్చీలన్నిటినీ బోల్టులతో నేలకు బిగించేశాడు.”

కార్ఖానాలో ఎంతసేపు నవ్వారో చెప్పలేను. కాకా మాత్రం నొచ్చుకున్నాడు. “బోల్టులా? గా కట్టెకా?” అన్నాడు.

ఇంటికెళ్లి అమ్మకు కూడా చదివాను. ఆమె అంతా విని, “గట్టిగ బిగించిన్రంటనా?” అని అడిగింది.

“గట్టిగనే అవ్వా.”

“ఇంక గవి ఏడికి వోవు, మంచిదే,” అంది.

అటక పోయాక పడుకునే చోటు లేక తమ్ముడు అప్పటికే పెళ్లాం పిల్లలతో వర్లిలో ఒక చాల్‌లో అద్దెకుంటున్నాడు. కొత్త అటక వేయిద్దామని నేను రెండుసార్లు అడిగాను. వాడు రెండుసార్లూ “చూద్దాం అన్నా,” అన్నాడు. తిరిగి రాలేదు. మరుసటి ఏడు ఎండాకాలంలో ఆ రెండు గదులూ అమ్మేశాం.